రెబెక్కమ్మ ముక్కు, జయరామయ్య మిల్లు

వాకాడు దారిలో ఉన్న జయరామయ్య రైసు మిల్లులో మద్యపాన వ్యతిరేక కార్యక్రమం మొదలైన రోజున, దాన్ని ప్రారంభించడానికి వచ్చిన పెద్దాయనను ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుని జీపు ఎక్కించాల్సి వచ్చింది.

ఇందులో ఆయన తప్పు ఏమీ లేదు. ఆయన నెల్లూరులో పేరున్న మనిషి. ఊరూరా తిరిగి కల్లు మానండని చెప్పడంలోనే జుట్టు నెరిసినవాడు. జన్మలో ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఎరగడు. ఆ రోజు కూడా ఆయన తాగింది పానకమే. బెల్లం, మిరియాలు, శొంఠి, ఏలకులు, మంచి బావి నీళ్ళు. అయితే బుధవారం జరగవలసిన సభ, పెద్దాయన జీపు ఇసుకలో దిగబడినందువల్ల గురువారానికి పోయింది. బుధవారం కలిపిన పానకాన్ని పారబోయడానికి జయరామయ్యకు మనసొప్పక, కుండలకు వాసెన గుడ్డలు కట్టి ఇంజను షెడ్డు గోడ పక్కన పెట్టించాడు. ఆ కుండలు తాటిబెల్లం కాచే వెంకయ్య దగ్గర అడిగి తెచ్చినవి. మద్యనిషేధం గట్టిగా అమల్లో ఉన్న రోజులవి. వెంకయ్యకు బెల్లం కాచుకోవడానికి లైసెన్సు ఉంది. బెల్లం కాకముందు ఆ కుండల్లో ఇంకా ఏమేమి నిలవ ఉండేవో లైసెన్సులో రాయరు.

వైశాఖమాసపు ఎండ, పక్కన ఇంజను వేడి. గురువారానికి కుండల మీద తెల్లగా నురగ కట్టింది. ఆ నురగను గరిటెతో తీసేసి, అడుగు నుంచి బాగా కలిపి, అందరికీ పోసింది కళ్ళంలో వడ్లు తిరగేసే రెబెక్కమ్మ.

పెద్దాయన మొదటి గ్లాసు తాగి మద్యం మనిషిని ఎలా దిగజారుస్తుందో చెప్పారు. రెండో గ్లాసు తాగి అదే సంగతి ఇంకా బాగా చెప్పారు. మూడో గ్లాసు తర్వాత ఇంజను డ్రైవరు నరసయ్య మెడ చుట్టూ చెయ్యి వేసి, నువ్వు నా తోడబుట్టినవాడివి అని కంటతడి పెట్టారు. ఆ సభలో పానకం నోట్లో పడగానే సంగతి తెలిసిపోయిన మనిషి నరసయ్య ఒక్కడే. తెలిసింది కనుకనే అతను ఒక్క మాట మాట్లాడకుండా గ్లాసు మీద గ్లాసు తాగి, మద్యం ముట్టనని అందరికంటే గట్టిగా ప్రమాణం చేశాడు.

మర్నాడు జయరామయ్య తలనొప్పితో మిల్లుకు వచ్చి, ఎవరెవరు తాగారని విచారణ చేశాడు. అందరూ తాగారు. గుమాస్తా ఆనందబాబు తాగాడు. హమాలీలు తాగారు. కళ్ళం ఆడవాళ్ళూ తాగారు. తాగనిది రెబెక్కమ్మ ఒక్కతే.

“నువ్వెందుకు తాగలేదు రెబెక్కమ్మా?” అన్నాడు జయరామయ్య.

అందరికీ పోసేసరికి కుండలు అడుగంటాయి. ఆమెకు మిగల్లేదు. అంతే. కానీ ఆ మాట చెబితే, అయ్యో నాకు పానకం రాలేదే అని ఏడ్చినట్టు ఉంటుంది. యాభై దాటిన మనిషికి అది నామోషీ.

“తాగబుద్ధి కాలేదయ్యా,” అంది.

జయరామయ్య ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. “అంటే నీకు వాసన తెలిసిపోయింది. పెద్దల ముందర చెప్పలేక ఊరుకున్నావు.”

రెబెక్కమ్మ ఊరుకుంది. ఊరుకోవడం వల్ల ఇంత పని జరుగుతుందని ఆమెకు తెలియదు.

నిజమేమిటంటే, రెబెక్కమ్మకు వాసన అనేది తెలిసి చాలా ఏళ్ళయింది. ఆమె పుట్టింది దొరవారిసత్రం వైపు. యెహోషువను పెళ్ళాడి ఈ ఊరు వచ్చింది. ఆయన పాము కరిచి పోయాక మిల్లు కళ్ళంలో చేరింది. ఉడకబెట్టిన వడ్లను సిమెంటు కళ్ళం మీద పరిచి, అవి ఎండేదాకా ఆడవాళ్ళు వరసగా నిలబడి కాళ్ళతో తిరగేస్తూ నడవాలి. కింద సిమెంటు కాలుతుంది, వడ్లు కాలుతాయి, పైన ఎండ. ధూళి ముక్కులోకి పోయి తుమ్ములు ఆగకపోతే, అత్తగారు ఒక ఉపాయం చెప్పింది. ధూళి పోయే చోట ముందుగానే పొడుం నింపుకుంటే ధూళికి చోటుండదు. అలా మొదలైన పొడుం డబ్బీ ఆమె నడుము దగ్గర చీర చెక్కుడులో స్థిరపడిపోయింది. పాస్టరుగారికి తెలియకుండా, కీర్తన పాడేటప్పుడు అందరూ లేచి నిలబడే సందులో ఒక పట్టు పట్టేది. ఏ ఏడో తెలియదు, ఎప్పుడో ఒకప్పుడు ముక్కు మూతబడింది. పొయ్యి మీద పులుసు మాడి, ఇరుగమ్మ కేకలు వేస్తూ పరిగెత్తి వస్తే, ఏమయిందమ్మా అని అడిగింది. ఆ రోజే ఆమెకు తెలిసింది. అలాంటి సంగతి ఊరంతా చెప్పుకునేది కాదు గనుక ఎవరికీ చెప్పలేదు.

జయరామయ్య మద్రాసులో ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర చూసి వచ్చిన పద్ధతి ఇలా ఉంది. పొద్దున పనిలోకి వచ్చే ప్రతి మనిషీ గేటు దగ్గర నోరు తెరిచి ఊదాలి. వాసన వస్తే ఆ రోజుకు పని లేదు. మళ్ళీ దొరికితే వారం లేదు. ఆపైన దొరికితే నెల లేదు. ఏదో ఊళ్ళో ఒక మిల్లులో తాగినవాడి చెయ్యి బెల్టులో పోయిందన్న కబురు విన్నప్పటి నుంచి ఆయనకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. భయమూ నిజమే, బాధా నిజమే. కాకపోతే హమాలీల నోళ్ళ దగ్గర తన ముక్కు పెట్టడానికి ఆయన సిద్ధంగా లేడు.

“రేపటి నుంచి నువ్వు కళ్ళంలోకి పోవద్దు. గేటు కాడ స్టూలు వేయిస్తాను. కూర్చుని నోళ్ళు చూడు,” అన్నాడు.

గేటు పక్కన వేపచెట్టు ఉంది. దాని నీడ ఉంది. స్టూలు ఉంది. రెబెక్కమ్మ పాదాలు పగిలిన చెరువుమట్టిలా ఉన్నాయి, మోకాళ్ళు వడ్ల మూటల్లా వాచి ఉన్నాయి. ఇంకొక వేసవి ఆ సిమెంటు మీద నడవగలనని ఆమెకు నమ్మకం లేదు. నడవలేని రోజున తిండి పెట్టేవాళ్ళూ ఎవరూ లేరు. నోటి దాకా వచ్చిన నిజాన్ని ఆమె మళ్ళీ లోపలికి తోసేసింది.

ఆనందబాబు బోర్డు మీద సున్నంతో నిబంధనలు రాసి, చదివి వినిపించాడు. కల్లు, సారాయి, గంజాయి, నల్లమందు. పొడుం పేరు వస్తుందేమోనని రెబెక్కమ్మ నడుము దగ్గరి డబ్బీని చేత్తో అదిమింది. రాలేదు. ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుంది, ఆ ముక్కుతో పీల్చుకోగలిగినంత.

మొదటి రోజు నుంచే మిల్లు మొత్తం ఆమెకు పగ అయింది.

“ఏమ్మే, నిన్నటిదాకా మాతో కూడా వడ్లు తొక్కినదానివి, ఈ పొద్దు మా మొగోళ్ళ నోళ్ళు వాసన చూస్తావా?” అంది కళ్ళంలో ఒకామె.

“పళ్ళు తోముకోని రండి మరి,” అంది రెబెక్కమ్మ.

“నా పెండ్లాం గూడా ఇంత దగ్గరికి రాలేదమ్మా ఎప్పుడూ,” అని ఒక హమాలీ నవ్వించాడు. ఇంకొకడు ముందుగా ఉల్లిపాయలు నమిలి వచ్చి కసిగా ఊదాడు. మరొకడు చుట్టపొగ ఊదాడు. ఇవేవీ ఆమెను తాకలేదు. కానీ వాసన చూసినట్టు కనపడాలి గనుక ప్రతిసారీ ముఖం చిట్లించేది. అందరి నోళ్ళకూ ఒకే చిట్లింపు.

ఇక పట్టుకోవడం ఎలా? ఒక్కరినీ పట్టుకోకపోతే జయరామయ్యకు అనుమానం వస్తుంది. ఆమె ఆలోచించి, తాగినవాడు దగ్గరికి వచ్చి ఊదడానికి జంకుతాడు, తాగనివాడు ధైర్యంగా ఊదుతాడు అని తీర్మానించుకుంది. వినడానికి బాగానే ఉంది. ఆ లెక్కన మూడో రోజున ఆమె పట్టుకున్నది హజరత్తయ్యను.

హజరత్తయ్య బస్తాలు మోసే మనిషి. కల్లు కాదు గదా, కాఫీ కూడా తాగడు. పరాయి ఆడదాని ముఖం మీద ఊదడానికి అతనికి సిగ్గు. తల పక్కకు తిప్పి, దీపం ఆర్పినట్టు ఒక్క చిన్న ఊపిరి వదిలాడు.

“నీకు ఈ పొద్దు పని లేదు నాయనా,” అంది రెబెక్కమ్మ.

“నాకా?” అన్నాడు హజరత్తయ్య. తువాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి అతని భార్య మాలకొండమ్మ వచ్చింది. ఆమె అన్నవన్నీ ఇక్కడ రాయడానికి వీలు లేదు. రాయదగ్గవి మాత్రం ఇవి:

“మా ఇంటాయన తాగినాడా? ఆయన తాగేటట్టయితే నాకింత బాధ ఎందుకుంటాది, ఒక రోజన్నా నోరు తెరిచి మాట్లాడుండునే. నీ ముక్కులో పురుగులు పడ. ఏసయ్య నీకు ఈ పని జేయమనే చెప్పినాడా?”

ఆ రోజు రెబెక్కమ్మ ముద్ద మింగలేదు.

ఇదంతా ఇంజను షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు నరసయ్య. తాగని హజరత్తయ్య బయటికి పోయాడు. వెంకయ్య ఇంట్లో నిండా పట్టించి, ముఖం మీద ముఖం పెట్టి ఊదిన తాను లోపలికి వచ్చాడు. ఈ లెక్క అతనికి కుదరలేదు. ఇంజన్లు విప్పి చూసి ఎక్కడ చెడిందో కనుక్కునే మనిషి కదా, ఈ యంత్రాన్ని కూడా విప్పి చూద్దామనుకున్నాడు.

మైపాడు నుంచి వచ్చే చేపల గంపలో నాలుగు రోజుల నాటి తలకాయలు సంపాదించి, తాటాకులో చుట్టి, ఎవరూ చూడకుండా రెబెక్కమ్మ స్టూలు కింద కట్టాడు.

ఎండ ఎక్కింది. కళ్ళం ఆడవాళ్ళు గేటు దాటుతూ కొంగులు ముక్కుల మీద కప్పుకున్నారు. రెబెక్కమ్మ తృప్తిగా చూసింది. తనంటే ఇప్పటికి భయం వచ్చింది, నోళ్ళు దాచుకుంటున్నారు అనుకుంది. పిల్లులు వచ్చి స్టూలు చుట్టూ కూర్చున్నాయి. ఇంటి దగ్గర ఎవరూ తనను పలకరించకపోయినా నోరు లేని జీవాలకైనా తాను నచ్చినందుకు మురిసింది. ఇంతలో జయరామయ్య వచ్చాడు. ఆయన కూడా కండువా ముక్కు మీద వేసుకుని, తల పక్కకు తిప్పుకుని గేటు దాటాడు. అయ్యో, అయ్య కూడానా అని రెబెక్కమ్మకు ఒళ్ళు జల్లుమంది. మర్యాదగా కళ్ళు దించుకుంది.

జయరామయ్య దూరంగా పోయి నిలబడి కేకేశాడు. “ఏదో చచ్చినట్టుంది ఆడ. ఎట్లా కూర్చున్నావు రెబెక్కమ్మా?”

ఆమెకు అర్థమయింది. అర్థం కాగానే ముఖం చిట్లించింది, కాస్త ఆలస్యంగా. “పని గదయ్యా, ఓర్చుకోవాల,” అంది.

జయరామయ్యకు ఆమె మీద గౌరవం పెరిగింది. నరసయ్య మాత్రం కడుపు పట్టుకుని షెడ్డులోకి పోయి నవ్వాడు. మధ్యాహ్నం ఇంజను ఆపిన వేళ వచ్చి స్టూలు ముందర గొంతుక్కూర్చున్నాడు.

“రెబెక్కక్కా, నీకు ముక్కు లేదు.”

“ఏందిరా వాగుతుండావు?”

“ముఖాన ఉండేది అలంకారానికి. నాకు తెలిసిపోయింది. అయ్యతో చెప్పేదా? మళ్ళా కళ్ళంలోకి పోతావా, ఆ కాళ్ళేసుకోని?”

నరసయ్య గొంతు తగ్గించి, ఎంతో ప్రేమగా చెప్పాడు. “చెప్పనులే. రేపట్నుంచి నేనొచ్చేటప్పుడు నువ్వు స్టూలు మింద నుంచి లేసి నిలబడు, చాలు. ఊదేది గీదేది లేదు.”

మర్నాడు నరసయ్య వచ్చాడు. రెబెక్కమ్మ లేచి నిలబడింది. మిల్లంతా చూసింది. ఆపైన నరసయ్య వెనకాల ఒకరు, వారి వెనకాల ఇంకొకరు చేరారు. రాత్రి పట్టించినవాళ్ళంతా దారిలో నరసయ్య కోసం ఆగి, అతని గుంపులో కలిసి గేటు దాటడం అలవాటయింది. తాగనివాళ్ళు మాత్రం విడివిడిగా వచ్చి ఒక్కొక్కరే ఊది పోయేవాళ్ళు. హజరత్తయ్య కూడా. ఇప్పుడతను నేల చూపులు చూస్తూనే, మళ్ళీ పని పోతుందన్న భయంతో గట్టిగా ఊదేవాడు.

“లేసి నిలబడక్కా, మావోళ్ళొస్తుండారు,” అని నరసయ్య దూరం నుంచే కేకేసేవాడు. వెనకవాళ్ళు నవ్వేవాళ్ళు. ఒకడు పోతూ పోతూ ఆమె ముక్కును వేలితో తాకి, “ఉందిరోయ్,” అన్నాడు. కళ్ళంలో ఆడవాళ్ళకు కూడా సంగతి తెలిసింది. మగవాళ్ళ మీద కోపం వచ్చినా రెబెక్కమ్మ మీద ఉన్న కోపం పాతది, గట్టిది. అయ్యతో చెప్పి ఆమెను దింపితే, వాసన తెలిసే ముక్కున్నవాళ్ళెవరైనా వచ్చి కూర్చుంటారన్న భయంతో ఎవరూ నోరు విప్పలేదు. తనను కాపాడుతున్నది స్నేహం కాదని ఆమెకు తెలుసు.

కొత్త పంట వచ్చి మిల్లు తీరిక లేకుండా ఆడుతున్న రోజుల్లో ఆ పని జరిగింది. ఇంజను షెడ్డు నుంచి మరలోకి పొడుగాటి తోలుబెల్టు పోతుంది. బెల్టు వేసేముందు నరసయ్య కేకెయ్యాలి. ఆ కేక విని మర దగ్గరివాళ్ళు పక్కకు జరగాలి. ఆ పొద్దు నరసయ్య కేకెయ్యడం మరిచిపోయాడు. వేశాననుకున్నానని తర్వాత చెప్పాడు, అది నిజమే అయివుంటుంది. హజరత్తయ్య వంగి బస్తా దించుతున్నాడు. అతని మెడలోని తువాలు కొసను బెల్టు పట్టుకుంది.

ఆ తువాలు ఎన్నో ఏళ్ళ నాటిది. మాలకొండమ్మ దాన్ని పొయ్యిలో పెడతానని, కొత్తది కొనుక్కోమని ఏడాదిగా పోరుతోంది. హజరత్తయ్య వినలేదు. ఆ మాట వినకపోవడం వల్ల బతికాడు. పాత తువాలు పర్రుమని మధ్యకు చినిగి, సగం బెల్టుతో తిరిగి వెళ్ళింది. సగం అతని మెడలోనే ఉండిపోయింది.

జనం మూగారు. నీళ్ళు తాగించారు. మర దగ్గర తువాలు వేసుకోకూడదని, అజాగ్రత్త అని అతన్నే తిట్టారు. నరసయ్య అందరికంటే ఎక్కువ తిట్టాడు. గేటు దగ్గర నుంచి కుంటుకుంటూ వచ్చిన రెబెక్కమ్మ, నేల మీద కూర్చున్న హజరత్తయ్యను చూసి మళ్ళీ కుంటుకుంటూ స్టూలు దగ్గరికి పోయింది.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు హజరత్తయ్యే వచ్చాడు. మెడ చుట్టూ ఎర్రటి వాత, కాల్చి అతికించిన తాడులా. స్టూలు ముందర నిలబడి, వంగి, ఎప్పటిలాగే నోరు తెరిచి ఊదాడు. తాగని మనిషి, నిన్న చావబోయిన మనిషి, ఈ రోజు కూడా ఊదుతున్నాడు. ఎవరికి? ఏమీ తెలియని ఈ ముక్కుకు.

“పో నాయనా,” అంది.

కొంతసేపటికి నరసయ్య గుంపుతో వచ్చాడు. “లేసి నిలబడక్కా,” అని కేకేశాడు.

రెబెక్కమ్మ లేచింది. లేచి స్టూలును తీసుకుపోయి గేటు మధ్యలో అడ్డంగా వేసి, దాని మీద మళ్ళీ కూర్చుంది.

“ఏంది ఇది?”

“నువ్వు ఈ పొద్దు లోపలికి పోవు.”

“ఎందుకు?”

“తాగుండావు.”

“ఎట్లా తెలిసిందో.”

“నువ్వు నడిచొచ్చింది చూసినా. ఆ తాటిచెట్టు కాడ నుంచి ఈడికి రోడ్డు తిన్నంగా ఉండాది. నువ్వు మాత్రం అట్లా ఇట్లా ఒంపులు తిరిగి వచ్చినావు.”

నరసయ్య అరవడం మొదలుపెట్టాడు. “అయ్యా, అయ్యా, ఇటు రాండి. ఈమెకు ముక్కే లేదు. వాసన రవ్వంత గూడా తెలీదు. చేపతలకాయలు నేనే కట్టినా, ఈడుండే వాళ్ళందరినీ అడగండి. ఇన్నాళ్ళు మిమ్మల్ని మోసం జేసింది.”

జయరామయ్య వచ్చాడు. ఆనందబాబు వచ్చాడు. కళ్ళం ఖాళీ అయి ఆడవాళ్ళంతా వచ్చారు.

“నిజమేనా రెబెక్కమ్మా?”

ఊరుకుంటే ఇంకొక్క రోజు గడిచేదేమో. ఆమె ఊరుకోలేదు.

“నిజమే అయ్యా. పొడుం పీల్చి పీల్చి ముక్కు పొయ్యింది. ఆ పానకం గూడా నాకు మిగల్లేదు గాబట్టే తాగలా. నన్ను దింపేయండి. అయితే ఈయన్ని మాత్రం ఇంజను కాడికి పంపబాకండి. నేను లేసి నిలబడి పంపినందుకే నిన్న ఒక మనిషి పోవాల్సింది.”

జయరామయ్య నరసయ్య వైపు ఒక అడుగు వేసి, ఆగి, ఆనందబాబును ముందుకు తోశాడు. ఆనందబాబు నరసయ్య నోటి ముందర ముక్కు పెట్టి, అంతలోనే వెనక్కి జరిగాడు. “అయ్యా, అగ్గిపుల్ల దగ్గరికి రానీబాకండి,” అన్నాడు.

తన మిల్లులో నిన్న జరగబోయినది ఏమిటో జయరామయ్యకు అప్పుడు పూర్తిగా అర్థమయింది. నరసయ్యకు నెల రోజులు పని లేదన్నాడు. తర్వాత రెబెక్కమ్మ వైపు తిరిగాడు.

“నాకు అబద్ధం చెప్పినావు గదా.”

“నేను చెప్పలేదయ్యా. తమరు అనుకున్నారు, నేను ఊరుకున్నా.”

“కళ్ళంలోకి పో,” అన్నాడు జయరామయ్య.

పోయింది. కళ్ళంలో ఆడవాళ్ళు ఆమెకు జరిగి చోటివ్వలేదు. ఉడుకువడ్లు తొట్టి నుంచి నేరుగా వచ్చి పడే కొస ఒకటుంది, అక్కడ పొగలు తగ్గకముందే తిరగేయాలి. ఆ కొస ఆమెకు దక్కింది. మోకాలు పట్టేసినప్పుడల్లా చీపురుకర్ర ఆనుకుని నిలబడేది. “గేటు కాడ నీడకు అలవాటు పడిందమ్మా,” అని పక్కనామె ఎవరితోనో అన్నట్టు అనేది. రెబెక్కమ్మ సమాధానం చెప్పలేదు. సాయంత్రం పాదాలు నీళ్ళలో పెట్టుకుని, ఇంకెన్నాళ్ళు నడవగలను ప్రభువా అని అడిగింది. ఆయనా సమాధానం చెప్పలేదు.

గేటు దగ్గర ఆనందబాబును కూర్చోబెట్టారు. ఇస్త్రీ చొక్కా, పౌడరు వాసన, చదువుకున్న మనిషి. మొదటి రోజు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అడ్డం పెడితే వాసన ఏం తెలుస్తుందని జయరామయ్య రుమాలు తీయించాడు. మిల్లు మొత్తం ఒక మనసై పనిచేసిన సందర్భం అంతకు ముందు ఎన్నడూ లేదు. వెల్లుల్లి తిన్నవాళ్ళు, ఎండుచేప తిన్నవాళ్ళు, చద్దికూడులో పచ్చి ఉల్లిపాయ కొరుక్కుని వచ్చినవాళ్ళు, చుట్ట నమిలినవాళ్ళు, పంటి నొప్పికి ఏదో ఆకు పసరు పోసుకున్నవాళ్ళు, ఏమీ తినకపోయినా నోరు కడుక్కోవడం మానేసినవాళ్ళు. పులిసిన చద్దినీళ్ళ వాసనకూ కల్లు వాసనకూ తేడా తెలియక ఆనందబాబు మంచివాళ్ళను పంపేశాడు. వాళ్ళు వచ్చి అరిచారు. మూడో రోజున ఒక ముసలి హమాలీ, పాపం ఏ దురుద్దేశమూ లేకుండా, దగ్గరగా వంగి ఊదేసరికి ఆనందబాబు బస్తాలు తూచే కాటా మీదే వాంతి చేసుకున్నాడు. జ్వరమని చెప్పి సైకిలెక్కి ఇంటికి పోయాడు.

మరొకరిని అడిగితే మరొకరు రానన్నారు. ఊరందరితో పగ ఎవరికి కావాలి? చివరికి జయరామయ్యే ఒక పొద్దున కండువా నడుముకు చుట్టి గేటు దగ్గర నిలబడ్డాడు. తాత తండ్రుల నాటి గౌరవం, పది గ్రామాల్లో పేరు. అందరి నోళ్ళూ చూశాక భోజనం చేయకుండా, వేడినీళ్ళతో ముఖం నాలుగుసార్లు కడుక్కుని, ఆ మధ్యాహ్నం కళ్ళంలోకి కబురు చేశాడు.

రెబెక్కమ్మ కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చి నిలబడింది.

“వాసన లేకుండా నువ్వు తాగినోణ్ణి ఎట్లా పట్టుకుంటావు? ఆ హజరత్తయ్యను పంపించినట్టేనా?” అన్నాడు జయరామయ్య, ఓడిపోయిన కోపంతో.

“అది నా తప్పేనయ్యా. ఇప్పుడైతే నడక చూస్తా. అనుమానం ఉంటే గోనెలు కుట్టే దబ్బనం ఒకటి చేతికిస్తా, అందులో పురికొస ఎక్కించమంటా. ఎక్కించలేనోడు మర కాడ ఉండకూడదు, తాగినా సరే, తాగకపోయినా సరే.”

“కళ్ళు కనపడని ముసలోళ్ళో?”

“వాళ్ళకు లావు దబ్బనం.”

జయరామయ్య చాలాసేపు బోర్డు వైపు చూశాడు. నోరు ఊదాలన్న నిబంధన సున్నంతో రాసి ఉంది. అందరి ముందరా చదివించి పెట్టిన నిబంధన, చెరిపేస్తే ఓడిపోయినట్టే. అది అట్లాగే ఉండనీ అన్నాడు. ఊదడమూ ఉంటుంది, దబ్బనమూ ఉంటుంది.

స్టూలు మళ్ళీ వేపచెట్టు కిందికి వచ్చింది. జనం మాత్రం మారలేదు. దబ్బనం పుణ్యమా అని తిట్లు ఇంకా పదునెక్కాయి. “దర్జీ పనికి వచ్చినామా, మూటలు మోసేదానికి వచ్చినామా?” అన్నారు. హజరత్తయ్య వచ్చినప్పుడు రెబెక్కమ్మ, నువ్వు ఊదే పన్లేదు పో నాయనా అంది. అతను వినిపించుకోకుండా వంగి ఊది, అడగకపోయినా దబ్బనం తీసుకుని పురికొస ఎక్కించి, దాన్ని ఆమె ఒళ్ళో పడేసి పోయాడు. మాలకొండమ్మ కొని ఇచ్చిన కొత్త తువాలును గేటు పక్కన మేకుకు తగిలించి పోయాడు. ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆపైన ఎన్నేళ్ళయినా మాట్లాడలేదు.

నెల గడిచాక నరసయ్య వచ్చాడు. తిన్నగా నడిచి వచ్చాడు. దబ్బనంలో పురికొస మొదటిసారికే ఎక్కించాడు. ఇక మిగిలింది బోర్డు మీది నిబంధన. అప్పుడే గేటులోకి వస్తున్న జయరామయ్యను చూడగానే అతనికి మళ్ళీ ఒళ్ళు మండింది.

“న్యాయమేనా అయ్యా ఇది? ముక్కు లేని మనిషి ముందర నేను నోరు తెరవాల్నా?” అన్నాడు, అందరూ వినేటట్టు.

జయరామయ్య నోరు విప్పకముందే రెబెక్కమ్మ స్టూలు మీద సర్దుకుని కూర్చుంది.

“ముక్కుండే వాళ్ళు నీ నోటి ముందర నిలవలేకనే గదా నాయనా, నన్నీడ కూర్చోబెట్టింది.”